రణపాల ఆకుకు కొలత ఎవరు చెబుతారు?

కడపలో ఉండే మా చిన్నాయన గుండె బలహీనపడి డిగాక్సిన్ మాత్ర వాడుతున్నారు. మొన్న పండక్కి వెళ్లినప్పుడు ఆయన తెల్లవారుజామున పరగడుపున కుండీ దగ్గర నిలబడి రెండు రణపాల ఆకులు తుంచి నములుతూ కనిపించారు. ఎందుకని అడిగితే, కిడ్నీలో రాళ్లు కరుగుతాయని వాట్సాప్‌లో వచ్చిందన్నారు. "ఆకే గదప్పా, ఏమయితాది?" అని నవ్వారు. నా కోపమంతా ఆ "ఆకే గదా" మీదనే.

రణపాలలో బుఫాడైనోలైడ్లు అనే పదార్థాలున్నాయి. గుండె కణాల్లోంచి సోడియంను బయటికి తోసి పొటాషియంను లోపలికి తెచ్చే పంపును అవి అడ్డుకుంటాయి. డిగాక్సిన్ చేసే పనీ అదే కనుక, ఆకు నమిలితే మాత్ర మీద మరికొంత మందు వేసుకున్నట్టే. ఆస్ట్రేలియాలో ఈ మొక్కలు మేసిన పశువులు గుండె దెబ్బతిని చనిపోయాయి. రెండు ఆకులకే మనిషి పడిపోతాడని నేననను. కానీ మాత్ర మీద మోతాదు మైక్రోగ్రాములతో సహా లెక్కగా ఉంటుంది, ఆకు మీద ఉండదు.

పైగా ఆ ఆకు రోజంతా ఒకేలా ఉండదు. నీరు ఆవిరి కాకుండా పగలు రంధ్రాలు మూసుకొని, రాత్రి తెరిచి పీల్చుకున్న కార్బన్ డయాక్సైడ్‌ను మాలిక్ ఆమ్లంగా దాచుకుంటుంది కనుక, పొద్దున పుల్లగా ఉండి మధ్యాహ్నానికి చప్పబడుతుంది. ఈస్టిండియా కంపెనీ కొలువులో మద్రాసు ప్రాంతంలో పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ హేన్ దీన్నే నమిలి చూసి రాసినది 1815లో లండన్‌లోని లిన్నియన్ సొసైటీ అనే ప్రకృతి శాస్త్ర సంఘం సంపుటిలో అచ్చయింది. మా చిన్నాయన మటుకు పులుపు ఎక్కువుంటే పవర్ ఎక్కువనుకున్నారు!

పెద్దల వైద్యాన్ని నేను తీసిపారేయడం లేదు. దానిలోని జాగ్రత్తలను వదిలేసి ఆకు పేరు మాత్రం పంచుకునేవారితోనే నా తగాదా. మా అవ్వ కలబంద మట్టను కోసి గోడకు ఏటవాలుగా ఆనించి, పసుపుపచ్చని చేదు సొనంతా కారిపోయాక, గుజ్జును ఏడుసార్లు కడిగి గానీ ముట్టనిచ్చేది కాదు. ఆ సొనలోని అలోయినే పేగులను కదిలించి విరేచనాలు తెప్పిస్తుంది. దాన్ని ఎండబెట్టిందే ముసాంబరం. డాక్టరు చీటీ లేకుండా అమ్మే విరేచన మందుల్లో దీన్ని వాడకూడదని అమెరికాలో 2002లోనే తేల్చారు. ఇక్కడ పొద్దున నడకకు వెళ్లే దారిలో తొక్కతో సహా మిక్సీలో తిప్పి గ్లాసుల్లో పోస్తున్నారు. నల్లేరు సంగతీ అంతే. దానిలో దురద పుట్టించే కాల్షియం ఆక్సలేట్ సూదులుంటాయని అవ్వకు తెలియదు గానీ, చేతులకు నూనె రాసుకొని లేత కణుపులే కోసి, నూనెలో బాగా వేయించి, చింతపండు వేసి పచ్చడి నూరాలని తెలుసు.

మరునాడే ఆ ఆకులను పొట్లం కట్టుకొని చిన్నాయనను గుండె డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. వెంటనే మానేయమని చెప్పి ఈసీజీ తీయించారు. మా చిన్నాయన ఆకులు మానేశారు గానీ కుండీని మాత్రం తీయనివ్వలేదు. సెగగడ్డ లేస్తే ఆకు వెచ్చజేసి కట్టుకోవడానికి ఉండనీ అన్నారు. అందుకు నాకు అభ్యంతరం లేదు.