భాగస్వాములు మాట్లాడరాదు

ఆదివాసీ సమాజాలతో కలిసి చేసే మానవశాస్త్ర పరిశోధనకు ఈమధ్య ఒక పెద్ద చిక్కు వచ్చిపడింది: 'కలిసి' అన్న మాటను వారు నిజమని నమ్మేస్తున్నారు. నిధులు మంజూరై, ప్రశ్నావళి అచ్చయి, ఫలితాలు సైతం దాదాపు ఖరారైన తరువాత మనం ఎంతో ఆదరంగా వెళ్లి 'మీరూ ఇందులో భాగస్వాములే' అని చెబితే, ఆనందబాష్పాలతో వేలిముద్ర వేయవలసిన పెద్దలు 'ఈ ప్రశ్నలు ఎవరు రాశారు?' అని అడుగుతున్నారు.

పూర్వం ఈ బాధ లేదు. దక్షిణాఫ్రికాలో సాన్ అనే ఆదివాసీ జనం వేటకు వెళ్లినప్పుడు ఆకలి తెలియకుండా హూడియా అనే ముళ్ల మొక్క కాడ నమిలేవారు. ఆ గుణం మీద అక్కడి ప్రభుత్వ పరిశోధనా మండలి 1990లలో పేటెంటు తీసుకుంది. హక్కులు కొన్న విదేశీ కంపెనీ పెద్దలు, ఆ తెగ అంతరించిపోయిందనుకున్నామని తరువాత సెలవిచ్చారు. సహపరిశోధనకు ఇంతకంటే అనువైన భాగస్వామి ఎక్కడ దొరుకుతాడు? అంతరించినవాడు వాటా అడగడు, ముసాయిదా చూపించమనడు. దురదృష్టవశాత్తు సాన్‌లు బతికే ఉన్నారు. 2003లో లాభాల్లో వాటాకు ఒప్పందం రాయించుకున్నారు; అంతటితో ఆగక, 2017లో తమ దగ్గరకు వచ్చే పరిశోధకులు ఎలా నడుచుకోవాలో నియమావళి కూడా రాసిపెట్టారు. నియమావళులు రాయడం మన వృత్తి కదా!

అమెరికాలోని హవసుపాయి తెగది మరీ విడ్డూరం. మధుమేహ పరిశోధన కోసమని ఇచ్చిన రక్తాన్ని స్కిజోఫ్రేనియా అనే మానసిక వ్యాధి, పూర్వికుల వలసల అధ్యయనాలకూ వాడితే, తమ రక్తం వృథా పోలేదని సంతోషించక దావా వేశారు. 2010లో 7 లక్షల డాలర్ల పరిహారంతోపాటు మిగిలిన నమూనాలనూ వెనక్కి పట్టుకుపోయారు.

ఇక క్షేమాన్ని కొలిచే తంతు. 'మీ జీవితం పట్ల మీకెంత తృప్తి? 1 నుంచి 5 వరకు ఒక అంకె చెప్పండి' అని అడిగామనుకోండి. గింజలు ఏరుకుంటున్న ముసలమ్మ చేట పక్కన పెట్టి, 'నా ఒక్కదాని సంగతా నాయనా, మా అందరిదీనా? వాగు ఎండిపోతే నేనెట్లా బాగుంటాను, ముందు దాన్ని అడిగావా?' అంటుంది. వాగుకు ప్రశ్నావళిలో గడి లేదు. కాబట్టి ఎటూ మొగ్గకుండా 3 వేసుకుంటాం. వ్యాసంలో ఆమె 'సమాచారదాత 14'గా, మధ్యస్థ తృప్తి గల వృద్ధురాలిగా నమోదవుతుంది. ఆమె చూపించిన ఆకుకు మాత్రం లాటిన్‌లో పూర్తి పేరు, దానికి ఆ పేరు పెట్టిన పండితుడి ఇంటిపేరుతో సహా, శీర్షికలోనే పడుతుంది.