కోచ్ గారు ఓడమన్నారు

బెంగళూరులోని మా స్కూల్ హాకీ క్లబ్ ఈ సీజన్‌లో ఆరు మ్యాచ్‌లు ఆడి ఐదు ఓడిందని మా అపార్ట్‌మెంట్ లిఫ్టుల్లో ప్రచారం జరుగుతోంది. క్లబ్ గౌరవ సహాయ కార్యదర్శిగా దీన్ని ఖండించే బాధ్యత నా మీద పడింది. ఓటమి అనేది చేతకాక వచ్చేది. మా పిల్లలు చూపించింది క్రమశిక్షణ. కోచ్ చెప్పింది చెప్పినట్టు చేశారు.

మా కోచ్ గారిది కర్ణాటకలోని కొడగు. ఆట మొదలైన దగ్గర్నుంచి ముగిసేదాకా గీత పక్కన నిలబడి "ఓడు! ఓడు!" అని గొంతు చించుకుంటారు. కన్నడంలో పరిగెత్తమని అర్థం. జట్టులో పదకొండు మంది ఉంటే ఏడుగురు మారతహళ్ళి, బెళ్ళందూరు వైపు స్థిరపడిన తెలుగిళ్ళ పిల్లలు. గురువు గారు నిమిషానికి పదిసార్లు "ఓడు" అంటుంటే గెలిచి చూపించడం ఎంత పొగరు! మొదటి మ్యాచ్ 0-7. కోచ్ గారు రెండో మ్యాచ్‌లో ఇంకా గట్టిగా అరిచారు. 0-9.

వాళ్ళ ఊళ్ళో సంగతి వేరు. కొడగులో 1997లో కొడవ కుటుంబాల హాకీ పండగ మొదలైంది. ఇంటిపేరుకొక జట్టు. మూడు వందలకు పైగా జట్లు దిగిన ఏళ్ళున్నాయి. ఒకే ఇంటిపేరున్న పదకొండు మంది చేతుల్లో కర్రలు పట్టుకుని ఒకే దిక్కుకు పరిగెత్తుతారంటే మా కార్యవర్గంలో ఎవరూ నమ్మలేదు. మా వైపు ఒకే ఇంటిపేరు వాళ్ళు కర్రలతో దిగారంటే అది గట్టు తగాదా. దానికి అంపైర్ సరిపోడు, మండల సర్వేయర్ రావాలి.

ఇక ఆట నియమాలు. చేతి విషయంలో మన పెద్దల మాటే నిలబడింది. హాకీలో ఎడమచేతివాటం స్టిక్ ఉండదు. ఎంత ఎడమచేతివాటం పిల్లయినా కుడివాటం స్టిక్ పట్టుకుని, దాని చదును వైపుతోనే కొట్టాలి. ఈ సంగతి తెలిసి నరసరావుపేట నుంచి మా అత్తగారు ఫోన్ చేసి, "నేను చెబితే చాదస్తం అన్నారుగా" అని మూడు రోజులు సాధించారు. కాలి విషయంలోనే మనకు అన్యాయం జరిగింది. గోల్‌కీపర్‌కి, అదే గోలీకి, తప్ప ఎవరి కాలికి బంతి తగిలి వాళ్ళ జట్టుకు లాభం వచ్చినా ఫౌల్. మూడో మ్యాచ్‌లో మా డిఫెండర్ కుర్రాడి బూటుకు, అదీ గోల్ ముందుండే డీ గీత లోపల, బంతి తగిలింది. పుస్తకానికి కాలు తగిలితే ఏం చేయమని ఇంట్లో నేర్పారో వాడు అదే చేశాడు. వంగి, బంతిని చేత్తో తాకి, కళ్ళకద్దుకున్నాడు. కాలికో తప్పు, చేతికో తప్పు. అంపైర్ అవతలి వాళ్ళకు పెనాల్టీ కార్నర్ ఇచ్చి, మావాడికి గ్రీన్ కార్డు చూపించాడు.

అప్పుడు వాడి తండ్రి కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టారు. ఆయన్ని తప్పుపట్టలేం. ఆయన బావమరిది డాలస్‌లో పన్నెండేళ్ళుగా ఆ కార్డు కోసమే కాచుక్కూర్చున్నాడు. ఇక్కడ పదమూడేళ్ళ కుర్రాడికి, లాయర్ లేకుండా, స్పాన్సర్ లేకుండా, రెండో క్వార్టర్‌లోనే వచ్చేసింది. ఈ కార్డు వచ్చినవాడు రెండు నిమిషాలు బయట కూర్చోవాలని మేము నచ్చజెప్పేలోపు బంధువులందరికీ ఫొటో వెళ్ళిపోయింది.

నాలుగో మ్యాచ్ శాంతినగర్ హాకీ స్టేడియంలో. మా స్కూల్ గ్రౌండు మట్టిది, అక్కడ బంతి ఎటు పోతుందో బంతికే తెలియదు. టర్ఫ్ మీద అలా కాదు. బంతి సాఫీగా పోవడానికి, పడ్డ పిల్లల మోకాళ్ళు ఒరుసుకుపోకుండా ఉండటానికి ఆటకు ముందు నీళ్ళు కొడతారు. మేమేమో 2024 మార్చిలో ఇదే ఊళ్ళో, తాగునీటితో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా అన్న రోజుల్లో, ట్యాంకర్ కోసం రాత్రి రెండింటిదాకా మేలుకున్న తండ్రులం. ప్లాస్టిక్ గడ్డి మీద ఆ ధార చూసి మా నోట మాట రాలేదు. మా కోశాధికారి ఎన్ని ట్యాంకర్లో లెక్క కట్టడం మొదలుపెట్టారు. ఆ లెక్క తేలేసరికి నాలుగు గోల్స్ పడ్డాయి. ఒక్కటీ మేము చూడలేదు కాబట్టి అవి పడ్డాయని నిర్ధారించలేం.

గోలీ సమస్య మాత్రం కొంచెం వివరంగా చెప్పాలి. ఉమ్మడి చిత్తూరు జిల్లా పల్లె నుంచి వెళ్ళి భారత మహిళల జట్టు గోల్‌కీపర్ అయిన రజని అంటే మా అందరికీ గర్వమే. ప్రతి మీటింగ్‌లో ఆమె పేరు తలుచుకుంటాం. తలుచుకున్నాక ప్రతి తల్లీ కోచ్ గారిని పక్కకు పిలిచి, "మా అమ్మాయిని మాత్రం ఫార్వర్డ్‌లో ఆడించండి సార్" అంటుంది. ఆ రోజు మీటింగ్‌కి రానిది నేనొక్కణ్ణే. అందుకని గోలీ మా అమ్మాయి అయింది.

క్లబ్‌కున్నది ఒక్కటే కిట్. ప్యాడ్లు, బూట్ల మీద తొడిగే కిక్కర్లు, చెస్ట్ గార్డు, హెల్మెట్. ఎన్ని బ్యాచ్‌ల చెమట తాగిందో తెలియదు. వానకు తడిసిన గోనెసంచిలో వారం నాటి పెరుగు పోసి మూతి కడితే వచ్చే వాసన. అది జూన్ నుంచి మా కారు డిక్కీలో ఉంటోంది. రోజూ నాతో ఆఫీసుకు వచ్చే పక్క ఫ్లాట్ ఆయన రెండో వారంలోనే బస్సు పాసు తీసుకున్నారు. కొత్త కిట్ కొనమని కార్యవర్గానికి మూడుసార్లు రాశాను. నిధులు లేవన్నారు. నిజమే, ముగింపు సభ శాలువాలు, ఫ్లెక్సీలు, అధ్యక్షుల వారి నిలువెత్తు ఫొటోకి అయిపోయాయి. క్లబ్‌లో స్టిక్స్ పద్నాలుగు, ఉపాధ్యక్షులు పదహారు మంది.

ఐదో మ్యాచ్ గెలిచాం. అవతలి జట్టు బస్సు సిల్క్ బోర్డ్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయింది. కేక్ కోశాం. ఆరోది 0-3.

ముగింపు సభలో ముఖ్య అతిథి మన జాతీయ క్రీడ హాకీ అంటూ మొదలుపెట్టి నలభై నిమిషాలు మాట్లాడారు. ఏ ఆటనూ జాతీయ క్రీడగా ప్రకటించలేదని కేంద్ర ప్రభుత్వం 2012లోనే సమాచార హక్కు కింద జవాబిచ్చింది. అయితే శాలువా కప్పాక సవరించడం మర్యాద కాదు.

తర్వాత వార్షిక నివేదిక చదివాను. "ఓడు" అనే పదం వల్ల సీజన్ దెబ్బతిన్నదని, వచ్చే ఏడాది కోచ్ గారికి "పరిగెత్తు" అనే మాట నేర్పించాలని తీర్మానం పెట్టాను. హాలంతా చప్పట్లు. తిరిగి వస్తూ కారులో మా అమ్మాయి అంది:

"నాన్నా, మేం ఇక్కడే పుట్టాం కదా. ఓడు అంటే పరిగెత్తమని మాకు మొదట్నుంచీ తెలుసు."

"మరి ఎందుకు ఓడారు?"

"వాళ్ళు బాగా ఆడారు."

ఈ అభిప్రాయాన్ని నివేదికలో చేర్చే వీలు లేదని పదహారు మంది ఉపాధ్యక్షులూ ఏకగ్రీవంగా తేల్చారు.