ఆర్‌స్టూడియోలో పైథాన్ రాస్తే ‘ఆర్’ అయిపోతుందా?

ఆర్, పైథాన్ రెండూ ప్రోగ్రామింగ్ భాషలు. ఆర్‌స్టూడియో కోడ్ రాసి నడుపుకునే సాఫ్ట్‌వేర్. ప్రాజెక్టుల సీజన్ వస్తే మా భీమవరం ఇంజనీరింగ్ పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతుంది: “ఆర్‌స్టూడియో ఆర్ కోసమే. అందులో పైథాన్ రాస్తే లోపల ఆర్‌గా మారి నడుస్తుంది. అందుకే స్లో. అందుకే పైథాన్ ప్యాకేజీలు దొరకవు.”

కోడ్ ఆర్‌గా మారడం అబద్ధం. రెటిక్యులేట్ అనే ప్యాకేజీ అసలు పైథాన్ ఇంటర్‌ప్రెటర్‌నే (పైథాన్ కోడ్‌ను నడిపే ప్రోగ్రామ్‌నే) తెచ్చి ఆర్ ప్రాసెస్ లోపల కూర్చోబెడుతుంది. నమ్మకం లేకపోతే పైథాన్ చంక్‌లో, అంటే పైథాన్ కోడ్ రాసే గడిలో, 1/0 కొట్టి చూడండి. ఆర్ అయితే నింపాదిగా ‘ఇన్ఫ్’ (అనంతం) అనేది. ఇక్కడ జీరో డివిజన్ ఎర్రర్ అని గోల పెడుతుంది. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కించిన బైకు నరసాపురంలో దిగేసరికి పడవ అయిపోదు కదండీ! నిజంగా మార్చే సరుకు జైథాన్. అది పైథాన్‌ను జావా బైట్‌కోడ్ చేస్తుంది, కానీ పైథాన్ 2.7 వెర్షన్ దగ్గరే ఆగింది.

స్లో సంగతికొస్తే, పైథాన్ లోపల లూపు మామూలు వేగంతోనే తిరుగుతుంది. టైం పట్టేది రేవు దాటేటప్పుడు, అంటే ఆర్‌లోని పెద్ద డేటాఫ్రేమ్‌ను (డేటా పట్టికను) పైథాన్ పట్టికల ప్యాకేజీ పాండాస్‌లోకి, మళ్లీ వెనక్కి మార్చేటప్పుడు. రొయ్యల చెరువుల డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) రీడింగులను చెరువుకోసారి అటూ ఇటూ తిప్పిన ప్రాజెక్టు ఒకటి చూశాను. అన్నీ ఒక్కసారే పంపి, లెక్కంతా అక్కడే చేసుకుంటే పోయేది.

ప్యాకేజీల గొడవ మాత్రం సగం నిజం. నేనూ ఒక పూటంతా టెన్షన్ పడ్డాను. టెర్మినల్‌లో పిప్‌తో (పైథాన్ ప్యాకేజీలు వేసే టూల్‌తో) పాండాస్ వేశాను, ఆర్‌స్టూడియో లేదంటుంది. చూస్తే మెషిన్‌లో రెండు పైథాన్లు! నేను వేసింది ఒకదాంట్లో, అది పట్టుకున్నది ఇంకోదాన్ని. రెటిక్యులేట్‌లోని పై_కాన్ఫిగ్ ఫంక్షన్ పిలిస్తే ఏది పట్టుకుందో పాత్‌తో సహా చెబుతుంది. యూజ్_పైథాన్‌తో కావాల్సినది చూపించాలి. అప్పటికే ఒకటి లోడయి ఉంటే సెషన్ రీస్టార్ట్ చేయాల్సిందే. అది తెలియక అదే లైను పదిసార్లు కొట్టాను.

అసలు భయపడాల్సినవి ఆ మెసేజ్‌లో లేనే లేవు. ఆర్‌లో ఉత్తి 5 అంటే దశాంశ సంఖ్య. నంపై అనే పైథాన్ లెక్కల ప్యాకేజీలో సున్నాల వరుస ఇచ్చే ‘జీరోస్’కి ఆర్ వైపు నుంచి 5 ఇస్తే, పైథాన్‌కు అది 5.0గా చేరి టైప్ ఎర్రర్ వస్తుంది. పూర్ణాంకం అని చెప్పడానికి 5 పక్కన ఎల్ పెట్టాలి (5L). పైగా రెండూ ఉండేది ఒకే ప్రాసెస్‌లో. పైథాన్ వైపు సీ భాషలో రాసిన లైబ్రరీ ఏదైనా కూలిందంటే ఆర్ సెషన్ కూడా పోతుంది, సేవ్ చేయని పట్టికలతో సహా.