మూడో తేదీ కూడా చదవండి మహాప్రభో

ఇప్పుడే ఇంటికొచ్చా. కోపం చల్లారాక రాస్తే మర్యాదగా రాస్తానేమోనని వెంటనే కూర్చున్నా.

మేముండే పెన్సిల్వేనియాలో శనివారం వస్తే మనవాళ్ళు పప్పులు, ఉప్పులు కొనడానికి పోతారు, నేను పాత పనిముట్లు దొరికే చోటికి పోతా. పాత పనిముట్లు పోగేసే నా జబ్బు సంగతి మీకందరికీ తెలిసిందే. ఇవాళ ఒక యాంటిక్ మాల్‌కి వెళ్తే అక్కడ గాజు బీరువా, దానికి తాళం, లోపల ఎర్ర వెల్వెట్ గుడ్డ, ఆ గుడ్డ మీద పెళ్ళికూతుర్ని కూర్చోబెట్టినట్టు ఒక స్టాన్లీ కంపెనీ నంబర్ ఫోర్ చిత్రిక, అదే, చెక్కని గీసి నున్నగా చేసే పనిముట్టు. పక్కన చీటీ: "1902 నాటిది. పూర్తిగా ఒరిజినల్. చాలా అరుదు." ధర 185 డాలర్లు.

నంబర్ ఫోర్ అరుదా! ఈ దేశంలో వడ్రంగం తెలిసిన ప్రతి తాత గరాజ్‌లోనూ ఒకటి ఉండేది. స్టాన్లీ చిత్రికల్లో అరుదైనది కావాలంటే నంబర్ వన్ ఉంది, ఐదున్నర అంగుళాల బుల్లిది, దానికి వెయ్యి డాలర్లు పైన పెట్టేవాళ్ళున్నారు. నంబర్ ఫోర్ అంటే పనివాడి రోజువారీ చిత్రిక. శుభ్రంగా ఉన్నది నలభై, యాభై డాలర్లకి దొరుకుతుంది.

సరే, తాళం తీయించి చేతిలోకి తీసుకున్నా. బ్లేడు ఆనుకునే ఏటవాలు దిమ్మని ఫ్రాగ్ అంటారు. దాని వెనక, బాడీ మీద, మూడు తేదీలు పోత పోసి ఉన్నాయి. 1902 మార్చి 25. 1902 ఆగస్టు 19. 1910 ఏప్రిల్ 19. ఇవి పేటెంట్ తేదీలు. అమ్మేవాడు మొదటిది చూశాడు, 1902 అని చీటీ రాశాడు, చేతులు దులుపుకున్నాడు. మూడోది చదవలేదు. 1910లో వచ్చిన పేటెంటు 1902లో పోసిన ఇనుము మీదికి ఎలా వచ్చిందయ్యా అని మర్యాదగానే అడిగా. ఏమన్నాడో తెలుసా?

"అది తర్వాత రిపేర్ చేసినప్పుడు వేసుంటారు సర్."

రిపేర్! పోత ఇనుము మీద, బాడీతో పాటే అచ్చులో పోసిన అక్షరాలు, తర్వాత రిపేర్‌లో వేశారట! మా తాత ఆధార్ కార్డు కూడా రిపేర్‌లోనే వచ్చిందేమో కనుక్కోవాలి.

వంద మందికి వందసార్లు చెప్పా, ఇంకోసారి చెప్తా. వస్తువు మీద ఉన్న పేటెంట్ తేదీ అది పుట్టిన తేదీ కాదు. ఆ తేదీకి ముందు మాత్రం పుట్టలేదు అని చెప్పే సాక్ష్యం, అంతే. మూడు తేదీలుంటే చివరిది పట్టుకోవాలి. ఈ మూడు తేదీల బాడీని కలెక్టర్లు టైప్ 11 అంటారు, 1910 నుంచి 1918 వరకూ వచ్చింది. ఈ టైపుల లెక్క కంపెనీది కూడా కాదు. న్యూ బ్రిటన్, కనెక్టికట్‌లో స్టాన్లీ వాళ్ళు ఏనాడూ "ఇవాళ్టి నుంచి టైప్ 11 పోస్తున్నాం" అని చాటింపు వెయ్యలేదు. వేలకొద్దీ చిత్రికలు తిప్పి చూసి, ఏ మార్పు ఎప్పుడు వచ్చిందో కలెక్టర్లే కూర్చుని రాసుకున్న లెక్క అది. అంత కష్టపడి ఎవరో రాసిపెడితే ఫోన్‌లో ఒక్క నిమిషం చూడటానికి వీళ్ళకి వేలు నొప్పి.

తేదీ కాకుండా నంబర్ ఉంటే ఇంకా తేలిక. అమెరికా పేటెంట్ నంబర్ పది లక్షలు దాటింది 1911లో, ఇరవై లక్షలు దాటింది 1935లో, ముప్పై లక్షలు 1961లో. ఇరవై లక్షల పైచిలుకు నంబరున్న రెంచిని "సివిల్ వార్ నాటిది" అని, అంటే 1860ల నాటిదని, అమ్మేవాడిని కూడా చూశాను. ఇంకో ముచ్చట. అక్కడ పేటెంట్లన్నీ మంగళవారమే ఇస్తారు. పైన చెప్పిన మూడు తేదీలూ మంగళవారాలే, క్యాలెండర్ తిప్పి చూసుకోండి. మన ఇళ్ళల్లో మంగళవారం గోళ్ళు కూడా తీయనివ్వరు, ఇక్కడ ఒక దేశం పరిశ్రమంతా మంగళవారం మీద నడిచింది. మా అత్తగారికి ఈ సంగతి చెప్తే "అందుకే వాళ్ళకి విడాకులు ఎక్కువ" అంది. ఆవిడతో వాదించే ఓపిక నాకు లేదు.

ఏమంటున్నా? ఆ చిత్రిక. "పూర్తిగా ఒరిజినల్" అన్నాడు కదా, అసలు విందు అక్కడుంది. బాడీ 1910 తర్వాతది, ఒప్పుకున్నాం. పైన బ్లేడుని నొక్కి పట్టే లివర్ క్యాప్‌కి ఉన్న రంధ్రం కిడ్నీ ఆకారంలో ఉంది. ఆ ఆకారం 1933లో వచ్చింది, అంతకుముందు తాళంచెవి కన్నంలా ఉండేది. ముందు గుండు పిడి చూస్తే పొడుగుది. టైప్ 11కి ఉండాల్సింది పొట్టిది, పొడుగు పిడి 1919 ప్రాంతంలో మొదలైంది. బ్లేడు మీదేమో గుండె బొమ్మ, లోపల ఎస్, డబ్ల్యూ అక్షరాలు. అంటే స్టాన్లీ వర్క్స్. 1920లో ఈ చిత్రికలు చేసే స్టాన్లీ రూల్ అండ్ లెవెల్ కంపెనీ స్టాన్లీ వర్క్స్‌లో కలిశాక వచ్చిన ముద్ర. ఆ గుండె బొమ్మ కూడా చాలాకాలం కంపెనీ ప్రెసిడెంట్‌గా చేసిన విలియం హార్ట్ పేరు మీద పెట్టింది. దాన్ని చూసి "ప్రేమికుల రోజుకి మంచి కానుక" అని రాసిన మహానుభావులు కూడా ఉన్నారు, వాళ్ళ జోలికి ఇవాళ పోను.

మొత్తం మీద అది నాలుగిళ్ళ అతుకుల బొంత. తప్పు లేదు, అతుకుల బొంత కూడా చెక్క బాగానే గీస్తుంది. నా దగ్గరా ఉన్నాయి. ముప్పై డాలర్లు అని రాస్తే నేనే కొనేవాణ్ణి. కానీ "పూర్తిగా ఒరిజినల్" ఏమిటండీ?

ఇప్పుడు కామెంట్లలో ఒక పండితుడు వస్తాడు, నాకు తెలుసు. "ఫ్యాక్టరీలో పాత భాగాలు మిగిలితే కొత్తవాటికి వాడేసేవారు కదా బ్రో" అని. వాడేవాళ్ళు బ్రో. ఏడాదో రెండేళ్ళో అటూ ఇటూ అవుతుంది. 1910ల బాడీ ఫ్యాక్టరీ మూలన కూర్చుని 1933 లివర్ క్యాప్ కోసం తపస్సు చెయ్యదు.

ఇదంతా క్షమించేస్తా. క్షమించలేనిది ఆ మెరుపు. వైర్ వీల్ పెట్టి గీకి, అడుగుభాగం బెల్ట్ శాండర్ మీద అరగదీసి, లోపలి భాగమంతా స్ప్రే డబ్బాతో తళతళలాడే నల్ల రంగు కొట్టాడు. అసలు ఆ నలుపుని జపానింగ్ అంటారు. తారు లాంటి పదార్థంతో చేసిన వార్నిష్ పూసి పొయ్యిలో కాల్చి ఎక్కించేవాళ్ళు. వందేళ్ళ తర్వాత కూడా సగానికి సగం నిలబడి ఉంటుంది. ఎక్కడ అరిగింది, ఎక్కడ మిగిలింది అనేదే దాని చరిత్ర. తుప్పు తీయాలంటే కిరసనాయిలు, సన్నటి స్టీల్ ఊలు, ఓపిక చాలు. మరీ మొండిదైతే వాషింగ్ సోడా నీళ్ళలో ముంచి బ్యాటరీ చార్జర్ తగిలిస్తే తుప్పు వదిలేస్తుంది, కింద ఇనుము చెక్కుచెదరదు. కానీ వీళ్ళకి ఇనుము అద్దంలా మెరవాలి. పైన రంగు వేసి మళ్ళీ "పురాతనం" అని చీటీ పెడతారు. ముసలాయనకి జుట్టుకి రంగేసి, ముడతలు ఇస్త్రీ చేసి, "చూడండి ఎంత అనుభవజ్ఞుడో" అన్నట్టు!

నిజమైన వయసు ఎలా ఉంటుందో తెలియాలంటే యుద్ధకాలం చిత్రిక చూడండి. 1942 నుంచి 45 వరకూ వచ్చినవి. ఇత్తడి అంతా యుద్ధానికి పోయింది కాబట్టి బ్లేడు లోతు సరిచేసే చక్రం ఇత్తడి కాకుండా స్టీలుదో, గట్టి రబ్బరుదో వేశారు. రోజ్‌వుడ్ పిడుల బదులు మామూలు గట్టి చెక్కకి రంగు పూశారు. నా బల్ల మీద ఒకటుంది. అందం లేదు, ఏమీ లేదు, కానీ చేత్తో పట్టుకుంటే ఏ సంవత్సరాల్లో తయారైందో తనే చెప్తుంది. ఇవాళ్టి బీరువా మేధావి దానికి ఇత్తడి చక్రం బిగించి "బాగు చేశాను" అంటాడు.

ఈ గీకుడు సంగతి వచ్చింది కాబట్టి అసలు విషయానికి వస్తా. నిజానికి నా కడుపుమంట ఆ అమ్మేవాడి మీద కాదు. వాడెవడో నాకు తెలియదు, వాడి పొట్టకూటి కోసం వాడు రాసుకున్నాడు. నా మంట మనవాళ్ళ మీద.

మా తెలుగు అసోసియేషన్ వినాయక చవితి పందిరి గుర్తుందా? ఉన్నవాళ్ళకి గుర్తుంటుంది. ప్లైవుడ్ కొయ్యాలి, పవర్ సా తెచ్చేవాడు రాలేదు, "అన్నా, మీ దగ్గర రంపాలున్నాయి కదా" అని ఒక తమ్ముడు ఫోన్. నేను వేరే రంపం తీసి పెట్టేలోపు, గరాజ్ గోడకి తగిలించి ఉన్న డిస్టన్ డి-8 అనే నా పాత చేతిరంపం పట్టుకుపోయాడు. మా ఆవిడే ఇచ్చింది. "పిల్లల కార్యక్రమం, ఒక్క రంపానికి అంత మొహం పెడతారేంటి" అంది. సరే.

ఆ రంపం సంగతి తెలియనివాళ్ళ కోసం. హెన్రీ డిస్టన్ ఇంగ్లండ్ నుంచి పద్నాలుగేళ్ళ కుర్రాడిగా వచ్చాడు. ఓడ దిగిన కొద్దిరోజులకే తండ్రి పోయాడు. రంపాలు చేసేవాళ్ళ దగ్గర పనికి కుదిరి, 1840లో ఫిలడెల్ఫియాలో సొంతంగా మొదలుపెట్టి, తర్వాత ఆ నగరంలోనే టాకోనీ అనే చోట కార్మికుల కోసం ఊరికి ఊరే కట్టించాడు. మా ఇంటికి కారులో పోయేంత దూరం. డిస్టన్ రంపం పిడికి ఉన్న ఇత్తడి బిళ్ళ, మెడాలియన్ అంటాం, దాని మీద అక్షరాలు చూస్తే వయసు దొరికిపోతుంది. "అండ్ సన్" అని ఒక్క కొడుకే ఉంటే 1865 నుంచి 71 మధ్యది, "అండ్ సన్స్" అయితే ఆ తర్వాతది. గద్ద బొమ్మ వేసి "వారంటెడ్ సుపీరియర్" అని ఉంటే మాత్రం కంపెనీ పేరు కాదు. ఎంతోమంది తయారీదారులు వాడిన మామూలు బిళ్ళ అది. "వారంటెడ్ సుపీరియర్ కంపెనీ వారి అరుదైన రంపం" అని దయచేసి నాకు ఫోటోలు పంపొద్దు.

నాది "అండ్ సన్స్". యాపిల్ చెక్క పిడి. తుప్పు కింద బ్లేడు మీద సన్నగా చెక్కిన కంపెనీ ముద్ర ఉందని అనుమానం వచ్చి, చెక్కముక్కకి గరుకు కాగితం చుట్టి, నూనె వేసి, మెల్లిమెల్లిగా రుద్దుకుంటూ ఆ ముద్ర బయటికి తెచ్చా. అలా కాకుండా గట్టిగా గీకితే తుప్పుతో పాటు ముద్రా పోతుంది, ఇంక ఈ జన్మకి రాదు. ఆకురాయితో పళ్ళన్నీ ఒక్కొక్కటే పదును పెట్టా.

తమ్ముడు దానితో స్క్రూలున్న ప్లైవుడ్ కోశాడు. పళ్ళు ఊడాయి, అది సరే. రాత్రంతా పందిరి కింద వానలో వదిలేశాడు, అదీ సరే. తర్వాత ఆయనకి పాపభీతి కలిగింది. "తుప్పు పట్టింది కదా అన్నా, క్లీన్ చేసి తెచ్చా" అంటూ నవ్వుతూ ఇచ్చాడు. డ్రిల్‌కి వైర్ బ్రష్ పెట్టి ఈ చివర నుంచి ఆ చివరికి గీకాడు. ముద్ర లేదు. గాలికి పోయింది. నేను బ్లేడు వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూస్తుంటే, భుజం మీద చెయ్యేసి ఏమన్నాడంటే, "ఏం కాదులే అన్నా, పాతదే కదా!"

పాతదే కదా. ఈ లోకంలో పాత వస్తువుకి రెండే రేట్లు. అమ్మేటప్పుడు పురాతనం, అరువు తీసుకునేటప్పుడు పాతదే కదా.

అంతటితో ఊరుకోలేదు. వాట్సాప్ గ్రూపులో "అన్నకి ఇనుము అంటే వదినకంటే ప్రాణం" అని నవ్వు బొమ్మలతో మెసేజ్. నలభై లైకులు. వాటిలో మా బావమరిదిదొకటి. కార్తీక మాసం పిక్నిక్‌లో ఇంకొకాయన "ఇండియాలో అయితే ఇవన్నీ కాటాకి వేసి అమ్మేస్తారు, మీరేమో ఎదురు డబ్బులిచ్చి కొంటున్నారు" అని జోకు. ఆయనే లిమిటెడ్ ఎడిషన్ అంటూ షూస్ కొని, డబ్బాలోంచి తియ్యకుండా అల్మారాలో దాచుకుంటాడు. వేసుకుంటే వాల్యూ పోతుందట! నా రంపం మీద ముద్ర పోతే మాత్రం నేను పిచ్చోణ్ణి. ఆయన షూస్ ఒకసారి అరువు అడుగుతా, నిమజ్జనానికి వేసుకెళ్తా, తిరిగొచ్చాక వైర్ బ్రష్‌తో క్లీన్ చేసి ఇస్తా. అప్పుడు చూద్దాం ఎవరు నవ్వుతారో.

ఇంకా కొత్త రంపం కొనిస్తానన్నాడు తమ్ముడు. ఇరవై డాలర్లది, ప్లాస్టిక్ పిడి, పళ్ళు మొద్దుబారితే పారెయ్యడమే, ఆకురాయి పెట్టడానికి కూడా లొంగదు. తెచ్చాడు కూడా. గిఫ్ట్ రిబ్బను కట్టి!

ఈ ఏడాది పందిరి పనులకి కమిటీ వేస్తున్నారని ఇందాకే మెసేజ్ వచ్చింది, "సామాన్లు: అన్న గరాజ్" అని ముందే రాసేశారు. ఎవరు రాశారో వాళ్ళే కొట్టేయండి. చందా పంపిస్తా, పులిహోర పంపిస్తా, కుర్చీలు మోస్తా. రంపం కావాల్సినవాళ్ళకి ఆ రిబ్బను కట్టింది ఉంది, వచ్చి తీసుకెళ్ళండి, తిరిగి ఇవ్వక్కర్లేదు.