చీరకు సిల్క్ మార్క్ ఉంది, మరి జాకెట్టుకు?

జాకెట్టు మీద వేసే మగ్గం వర్క్ అన్న పేరు చేత్తో కుట్టిన ఎంబ్రాయిడరీకి మాత్రమే దక్కాలి. కంప్యూటర్ ఎంబ్రాయిడరీని ఆ పేరుతో అమ్మితే కొనేవాళ్లను మోసం చేసినట్టే, కుట్టేవాళ్ల కూలి మీద దెబ్బ కొట్టినట్టే. వరలక్ష్మీ వ్రతానికో పెళ్లికో చీర కన్నా జాకెట్టుకే ఎక్కువ పెడుతున్న ఇళ్లు ఇప్పుడు కొత్తేమీ కాదు. పట్టుచీరకు అది అసలు పట్టేనని చెప్పే సిల్క్ మార్క్ 2004 నుంచి ఉంది. చేనేతకు 2006లో హ్యాండ్‌లూమ్ మార్క్ వచ్చింది. కొన్ని రకాల బట్టలు చేనేత మీదే నేయాలని 1985లోనే చట్టం చేశారు. ఆ చీర మీదికి వేసుకునే పదివేల రూపాయల జాకెట్టుకు మాత్రం షాపువాళ్ల నోటిమాటే హామీ.

ఈ మగ్గం మీద నేత ఉండదు. గుడ్డను నాలుగువైపులా లాగి బిగించే కర్ర చట్రాన్నే మన దగ్గర మగ్గం అంటున్నారు. ఉత్తరాదిలో దాన్ని అడ్డా అంటారు. పని మాత్రం అక్కడి ఆరి, జర్దోసి అనే ఎంబ్రాయిడరీలే. హైదరాబాద్‌లో మగ్గాల ముందు కూర్చున్నవాళ్లలో యూపీ, బెంగాల్ నుంచి వచ్చిన కారిగర్లు, అంటే చేతిపనివాళ్లు, చాలామంది, పాతబస్తీ ఇళ్లలో కుట్టే ఆడవాళ్లూ ఉన్నారు.

ఆ పని దగ్గరగా చూస్తే తెలుస్తుంది డబ్బు దేనికి ఇస్తున్నామో. ఆది బ్లౌజు కొలతలతో మెడ, చేతులు గీసుకుంటారు. బటర్ పేపర్ మీద డిజైన్ వేసి, గీత పొడవునా సూదితో గుచ్చుతారు. కిరోసిన్‌లో కలిపిన జింక్ పౌడర్‌ను దాని మీద అద్దితే చుక్కలు గుడ్డ మీదికి దిగుతాయి. ఆరి సూదికి చివర చిన్న కొక్కెం ఉంటుంది. ఎడమచెయ్యి గుడ్డ కింద దారం పట్టుకుంటుంది, కుడిచెయ్యి పైనుంచి సూది దించి దారాన్ని లాగి గొలుసు కుట్టు వేస్తుంది. జర్దోసికి సూది వేరు, మామూలుదే. స్ప్రింగులా చుట్టి ఉండే జర్దోసి తీగను కత్తెరతో ముక్కలు చేసి పూసలా ఎక్కించి కుడతారు. ముక్క ఒక్క పిసరు ఎక్కువైతే విల్లులా పైకి లేస్తుంది, తక్కువైతే కింద దారం బయటపడుతుంది. ఒక్క పువ్వులోనే ఇలాంటి ముక్కలు పదులకొద్దీ ఉంటాయి, ప్రతిదాన్నీ కంటితోనే కొలవాలి. నిమిషానికి ఎనిమిది వందల కుట్లు వేసే మిషన్‌కు ఈ పని రాదు.

తేడా తెలియాలంటే జాకెట్టు తిరగేయండి. చేతిపనిలో పైన గొలుసు, వెనక అదే దారం సన్నని గీతలా కనబడుతుంది. మిషన్ పనిలో వెనక బాబిన్ దారం, అంటే మిషన్ కింది కండె నుంచి వచ్చేది, ఎక్కువగా తెల్లది, వేరుగా తెలుస్తుంది. గుడ్డ కింద పెట్టి కుట్టిన కాగితాన్ని చింపేశాక డిజైన్ చుట్టూ మిగిలిన అంచులూ తగులుతాయి. రెండు చేతుల మీది పువ్వులు అచ్చుగుద్దినట్టు ఉన్నాయంటే ఇంకో ప్రశ్న అడగాల్సిందే.

కంప్యూటర్ వర్క్ వల్లే మామూలు ఇళ్లలోనూ పండక్కి వర్క్ బ్లౌజు వచ్చిందని, ఆ మిషన్లు నడిపేవాళ్లదీ బతుకుతెరువేనని అంటారు. నిజమే. కంప్యూటర్ వర్క్ అని చెప్పి, ఆ ధరకే అమ్మండి. ఎవరూ కాదనరు.

చేతిపని అయినంత మాత్రాన మంచిదని కాదు. ఆరి కుట్టులో ప్రాణం ముడిలో ఉంటుంది. దారం తెంపిన ప్రతిచోటా ముడి పడాలి, లేకపోతే కొస లాగగానే గొలుసంతా ఊడొస్తుంది, పూసల వరస రాలిపోతుంది. కుందన్ రాయిని జిగురుతో అంటించడం తప్పు కాదు, అందరూ చేసేదే. దాని చుట్టూ జరీ గొలుసు తీయకుండా వదిలేయడం తప్పు. ఇస్త్రీ వేడికి జిగురు మెత్తబడుతుంది, రాయి పోతుంది. గుడ్డ వదులుగా బిగిస్తే మగ్గం మీంచి తీశాక వర్క్ చుట్టూ ముడతలు పడతాయి. కుట్టు పడేచోటికి పూసలు వస్తే టైలర్ సూది విరుగుతుంది.

ఇవన్నీ పనిరాక జరిగేవి కావు, టైం లేక జరిగేవి. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, మగ్గాలు ఖాళీగా ఉంటాయి. ఆఫర్లని అదే నెలలో చీర కొంటాం, జాకెట్టు మాత్రం ముహూర్తానికి పది రోజుల ముందు పట్టుకెళ్తాం. రాత్రిళ్లు మేలుకుని కుట్టే చేతులు ముందు వదిలేసేది వెనకవైపు ముడినే, ఎందుకంటే అది ఎవరికీ కనబడదు. చీర కొన్న వారంలోనే జాకెట్టు ఇస్తే అదే డబ్బుకు గట్టి పని వస్తుంది, కారిగర్‌కు ఖాళీ నెలలో కూలి దొరుకుతుంది.

అసలు సంగతి ఆ కూలి దగ్గరే ఉంది. ఇంట్లో కూర్చుని ఆడవాళ్లు చేసేది ఏదైనా సరే, తీరిక వేళల కాలక్షేపం కింద లెక్కగట్టడం మనకు అలవాటైపోయింది. బీడీల విషయంలో ఆ అలవాటును చట్టమే మార్చింది. ఇంట్లో చుట్టేవాళ్లూ కార్మికులేనని 1966లోనే ఒప్పుకుంది. రోజుకెన్ని చుట్టారో రాసే లాగ్‌బుక్కు, పీఎఫ్ వచ్చాయి. తెలంగాణలో బీడీ కార్మికులకు పింఛనూ వస్తోంది. పాతబస్తీలో కళ్లు పోగొట్టుకుంటూ పూసలు గుచ్చే ఆమెకు లాగ్‌బుక్కు లేదు, పీసుకింత అని దళారీ చెప్పిందే రేటు. హస్తకళాకారులకు కేంద్రం పహచాన్ అనే గుర్తింపు కార్డు ఇస్తోంది, మంచిదే. ఆ కార్డు రేటును మాత్రం తేల్చదు.

చేనేత మార్క్ ఇచ్చిన ప్రభుత్వానికి చేతి ఎంబ్రాయిడరీకి ఒక గుర్తు ఇవ్వడం పెద్ద పని కాదు. అది వచ్చేలోగా షాపులు ఆర్డరు చీటీలోనే మూడు ముక్కలు రాయొచ్చు: చేత్తోనా మిషన్‌తోనా, ఎన్ని రోజుల పని, అందులో కుట్టుకూలి ఎంత. కొనేవాళ్లు ఆ చీటీ అడగాలి. దాని కాపీ ఒకటి కుట్టినామె చేతికీ వెళ్లాలి.