గట్టు దిగే దారేదీ?

నవంబరు 21న ప్రపంచ మత్స్య దినోత్సవం. ఆ తరువాత 12 రోజులకు, డిసెంబరు 3న, అంతర్జాతీయ దివ్యాంగుల దినోత్సవం. మొదటి రోజున చెరువులో చేపపిల్లలను వదిలి ఫొటోలు దిగుతారు. రెండో రోజున మూడుచక్రాల బండ్లు పంచి ఫొటోలు దిగుతారు. ఆ బండిలో ఆ చెరువు దాకా వెళ్లి ఒక గేలం వేయడం సాధ్యమా అన్న ప్రశ్న మాత్రం ఈ రెండు సభల్లో దేనిలోనూ వినిపించదు.

సీమలో చేపల వేటా అని కోస్తావారు నవ్వుకోవచ్చు. తుంగభద్ర మీద సుంకేసుల, హంద్రి మీద గాజులదిన్నె, పెన్న మీద పెన్నహోబిలం, గండికోట, మైలవరం ఉన్నాయి. హంద్రీ-నీవా కాలువ ద్వారా కృష్ణా నీళ్లు జీడిపల్లి జలాశయానికి వస్తున్నాయి. నీళ్లున్న ఏడాది వీటిలో బొచ్చె, శీలావతి, జెల్ల, కొర్రమీను దొరుకుతాయి. వాటి మీద బతికే బెస్త కుటుంబాలు ఉన్నాయి. ఆదివారం పూట సరదాగా గేలం పట్టుకుని గట్టున కూర్చునేవారూ ఉన్నారు. ఈ రెండు గుంపుల్లోనూ కాలో చెయ్యో సరిగా పనిచేయని మనిషి అరుదుగా కనిపిస్తాడు. ఆసక్తి లేక రాలేదనుకుంటే పొరపాటు.

పుట్టి సంగతే చూడండి. వెదురుతో అల్లిన ఆ గుండ్రటి తెప్పలో మనిషి కూర్చునే ఉంటాడు. తెడ్డు వేయడానికి, వల లాగడానికి భుజాలు, నడుము, చేతులు కావాలి. చిన్నప్పుడు పోలియో వచ్చి కాళ్లు సన్నబడినా, ఏళ్ల తరబడి చేతులతో బండి తోసుకుని భుజాలు గట్టిపడిన మనిషికి ఇది చేయరాని పని కాదు. లైఫ్ జాకెట్ తప్పనిసరి, ఒక తోడు ఉండాలి, అంతే. ఆ మనిషిని ఆపేది నీళ్లు కాదు. రోడ్డుకూ పుట్టికీ మధ్య ఉన్న ముప్పై అడుగులు. చెరువు కట్ట లోపలి వైపు నీటి కోతకు అడ్డంగా పేర్చిన రాళ్లు ఉంటాయి. కాళ్లు బాగున్నవారే వాటి మీద తడబడుతూ దిగుతారు. నది ఒడ్డున ఘాట్ కడితే అదంతా మెట్లే. 2020 తుంగభద్ర పుష్కరాలకు కర్నూలులో ఘాట్లకు ఎంత హడావిడి జరిగిందో అందరూ చూశారు. 2028లో కృష్ణా పుష్కరాలు వస్తున్నాయి. పాత కర్నూలు జిల్లా తీరంలో మళ్లీ సిమెంటు పోస్తారు. ఆ సిమెంటులో కొంత మెట్లుగా కాక వాలుగా పోస్తే పుణ్యస్నానానికీ పనికొస్తుంది, గేలానికీ పనికొస్తుంది.

పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. మంచి చెరువుకు ఉండవలసిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు అందులో చెక్కించారు. రోజూ వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని లెక్క కూడా చెప్పారు. నేల గట్టిదనం నుంచి రాతి గని దాకా అన్నీ చూసుకున్న ఆ శాసనంలో మనిషి నీటి దగ్గరికి ఎలా దిగాలన్నది లేదు. అప్పటివారిని తప్పుపట్టలేం. మనకు మాత్రం 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఉంది. పేదరిక నిర్మూలన, అభివృద్ధి పథకాల్లో నిర్దిష్ట స్థాయి వైకల్యం ఉన్నవారికి 5 శాతం కేటాయించాలని దాని 37వ సెక్షన్ చెబుతోంది. వినోదంలో సమాన భాగస్వామ్యం గురించి 29వ సెక్షన్ మాట్లాడుతోంది. అందుబాటు ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోకూడదని, వాటిలో తప్పనిసరి నిబంధనలు ఉండాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. చెరువు కట్ట ఈ మాటల పరిధిలోకి రాదని ఎవరైనా వాదిస్తే, ఆ వాదన కాగితం మీద పెట్టమని అడుగుతాం.

అధికారులు సాధారణంగా చెప్పే కారణం భద్రత. నీళ్ల దగ్గర ప్రమాదమని, దివ్యాంగులను రానివ్వకపోవడమే మేలని అంటారు. నిజానికి ఇప్పుడున్న రాళ్ల మీద చేతులతో పాకుతూ దిగడం కన్నా ప్రమాదం ఏముంది? చేపలు పట్టే వేదికలు ఎలా ఉండాలో అమెరికా 2010 ప్రమాణాల్లో విడిగా రాసుకుంది. వేదిక అంచున కట్టే రక్షణ కడ్డీలో కనీసం నాలుగో వంతు 34 అంగుళాలకు మించని ఎత్తులో ఉండాలి. కూర్చున్న మనిషి చేయి దాని మీదుగా అందాలన్నది ఉద్దేశం. చక్రం జారకుండా వేదిక అంచున చిన్న దిమ్మె ఉండాలి. మన ఊరి వెల్డింగు షాపులో, మన మేస్త్రీ చేతిలో కానిది ఇందులో ఏమీ లేదు. ఒంటి చేయి ఉన్నవారి కోసం కర్ర నిలబెట్టే ఇనుప గొట్టం పాతవచ్చు. చూపులేనివారికి ఆ మాత్రం ఏర్పాటు కూడా అక్కరలేదు. బెండు మునగడం కంటికి కనిపించకపోయినా దారం లాగడం వేలికి తెలుస్తుంది. కావాలంటే కర్ర చివర ఒక మువ్వ కట్టుకుంటారు.

అయితే ప్రతి జలాశయానికీ ర్యాంపు కట్టేయండి అనడం తేలిక మాట. ఒక అడుగు దిగాలంటే 12 అడుగుల వాలు కావాలన్నది ప్రమాణం. శ్రీశైలం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. అది 854కు దిగిన రోజున నీటిని అందుకోవాలంటే 372 అడుగుల ర్యాంపు కావాలి, మధ్యలో ఆగే చోట్లు అదనం. అలాంటి చోట నీటితో పాటు లేచి దిగే తేలే వేదిక తప్ప మరో దారి లేదు. కాబట్టి మొదలుపెట్టవలసింది నీటిమట్టం తక్కువగా మారే చోట, ఊరికి దగ్గరగా ఉన్న చెరువుల దగ్గర. గండికోట సంగతి వేరు. అక్కడి పర్యాటక అభివృద్ధికి కేంద్రం 2024లో దాదాపు 78 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. అంత డబ్బులో ఒక తేలే వేదికకు చోటు లేదంటే నమ్మలేం.

అనంతపురం విషయంలో మరో మాట చెప్పాలి. ఫ్లోరైడు నీళ్లు తాగి కీళ్లు బిగుసుకుపోయినవారు ఉన్న జిల్లా అది. నీళ్ల వల్లే అవిటితనం వచ్చినవారికి నీటి ఒడ్డున కూర్చునే వీలు కూడా లేకపోవడం మాకు మింగుడుపడదు. వారిలో చాలామందికి చక్రాల కుర్చీ కాక, వీపు ఆనించే బల్ల, పట్టుకుని లేచే కడ్డీ, కాస్త నీడ కావాలి. శింగనమల చెరువు కట్ట మీద ఇవి ఏర్పాటు చేస్తే ఊళ్లోని ముసలివారంతా వచ్చి కూర్చుంటారు.

ఇక డబ్బు సంగతి. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన లబ్ధిదారుల జాబితాలో దివ్యాంగుల పేరు ఉంది. రాయితీ దగ్గరికి వచ్చేసరికి మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 60 శాతం, మిగిలినవారికి 40 శాతం. దివ్యాంగుడు ఆ మిగిలినవారిలో కలిసిపోతాడు. పేరు రాసి వాటా మరచిపోవడం ఇది. ఆ పథకంలో ఐసుపెట్టెతో సైకిలు, మోటారు సైకిలు, ఆటో ఇస్తారు. పక్కచక్రాలు బిగించిన స్కూటరుకు అదే పెట్టె అమర్చి ఇస్తే వీధి వీధి తిరిగి చేపలు అమ్ముకునేవారు దొరుకుతారు. రాష్ట్రం నెలకు ఇచ్చే 6,000 రూపాయల పింఛను ఇంటికి ఆసరా, కాదనం. పింఛను ఇచ్చాం కదా, పనెందుకన్న ధోరణినే కాదంటున్నాం.

మత్స్యకార సహకార సంఘాల భయాన్ని కొట్టిపారేయలేం. చేపపిల్లలు వదిలింది, పాట డబ్బు కట్టింది వారు. వానలు తప్పిన ఏడాది నష్టపోయేదీ వారే. బయటివారు గేలాలతో దిగితే తమ చేప పోతుందన్న అనుమానం సహజం. గేలానికి పడే నాలుగు చేపలకు సంఘమే చిన్న రుసుము పెట్టుకోవచ్చు, రోజుకు ఇన్ని కిలోలకు మించకూడదని గీత గీయవచ్చు. కానీ సంఘాలు కూడా ఒక లెక్క సరిచూసుకోవాలి. కొత్త సభ్యులను ఈత, వల విసరడం చూసి చేర్చుకునే చోట, వల అల్లడం, చేప వేరుచేయడం, తూకం, అమ్మకం తెలిసిన మనిషి అనర్హుడవుతున్నాడు. సంఘం నడిచేది ఆ పనుల మీద కూడానే.

చెరువుల్లో నీళ్లు ఏప్రిల్, మే నెలల్లో అడుగంటుతాయి. కట్టల మరమ్మతులు జరిగేది అప్పుడే. అంచనాలు అంతకు ముందే తయారవుతాయి. కర్నూలు, అనంతపురం, కడప కలెక్టర్లు ఒక్కొక్కరు తమ జిల్లాలో ఒక్కో చెరువు పేరు ఇప్పుడే ప్రకటించాలి. అంచనా రాసే ఇంజినీరు స్థానిక దివ్యాంగుల సంఘం నుంచి ఇద్దరిని, మత్స్యకార సంఘం నుంచి ఇద్దరిని వెంటబెట్టుకుని ఆ కట్ట మీదికి వెళ్లాలి. వాలు ఎక్కడ మొదలు కావాలో వారు చూపిస్తారు.