సర్వేలకు దొరకని బెంగళూరు తెలుగువారు

2011 జనగణన ప్రకారం కర్ణాటకలో తెలుగు మాతృభాషగా నమోదైనవారు 35 లక్షలకు పైనే. బెంగళూరు నగర జిల్లా జనాభాలో వారి వాటా సుమారు 14 శాతం. 2021లో జరగవలసిన జనగణన కోవిడ్‌తో ఆగిపోయి, ఇప్పుడు 2027కు చేరింది. ఈ మధ్యకాలంలో మారతహళ్లి, మహదేవపుర, ఎలక్ట్రానిక్ సిటీ వైపు కొత్తగా చేరిన తెలుగు ఇళ్లెన్నో చెప్పగల జనగణన లెక్క మన చేతిలో లేదు. సబ్బుల కంపెనీ అయినా, ఆరోగ్య పథకం రూపొందించే శాఖ అయినా ఈలోగా ఆధారపడవలసింది మార్కెట్, సామాజిక పరిశోధన సంస్థల శాంపిల్ సర్వేల మీదనే. ఆ సర్వేల పద్ధతులే ఇక్కడి తెలుగువారిలో పెద్ద భాగాన్ని బయట వదిలేస్తున్నాయని నా అభిప్రాయం. ప్రశ్నపత్రాన్ని తెలుగులో అచ్చు వేయించినంత మాత్రాన ఈ లోపం తీరదు, ఎందుకంటే అది ఎవరి గుమ్మం దాకా వెళుతోందన్నదే అసలు సమస్య.

ఇంటింటి సర్వేలకు మన దేశంలో చాలాకాలంగా ఓటర్ల జాబితాయే మొదటి ఆధారం. అందులోంచి కొన్ని చిరునామాలు తీసుకుని, అక్కడి నుంచి కుడిచేతి వైపుగా, మధ్యలో కొన్ని ఇళ్లు వదులుతూ తలుపులు తట్టడం ఫీల్డు సిబ్బందికి అలవాటైన పద్ధతి. 2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్ జరిగినప్పుడు ఇక్కడి నుంచి అనంతపురం, కడప, చిత్తూరు వైపు బస్సులు ఎలా కిక్కిరిశాయో బెంగళూరు తెలుగువారికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఏళ్ల తరబడి ఇక్కడ అద్దెలు కడుతున్నా ఓటును సొంతూరిలోనే ఉంచుకున్నవారు అంతమంది ఉన్నప్పుడు, వారు గుమిగూడిన కొత్త లేఅవుట్లలో ఓటర్ల నమోదు పలచగా ఉంటుంది. కనుక సర్వే మొదలుపెట్టే చిరునామాలూ అక్కడ తక్కువే పడతాయి. సొంతూరిలో సర్వే జరిగితేనేమో, మనిషి ఇంట్లో ఉండడు.

తలుపు తట్టిన తరువాతి కథ ఇంకా చిత్రమైనది. 2011 నుంచి మార్కెట్ పరిశోధనలో కుటుంబాలను తరగతులుగా విడదీయడానికి ఎక్కువగా రెండే విషయాలు చూస్తూ వచ్చారు: ప్రధాన సంపాదనపరుడి చదువు, 11 వస్తువుల జాబితాలో ఆ ఇంట్లో ఎన్ని ఉన్నాయన్న లెక్క. కరెంటు కనెక్షన్, సీలింగ్ ఫ్యాను, గ్యాస్ స్టవ్, కలర్ టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, బైకు, కారు వంటివాటితో పాటు సాగుభూమి కూడా ఆ జాబితాలో ఉంది. దీన్ని మున్నేకొళాలలోనో బీటీఎం లేఅవుట్‌లోనో తెలుగువారు నడిపే ఒక పీజీకి (నెలకింత కట్టి గది పంచుకుని ఉండే వసతికి) వర్తింపజేసి చూడండి. ముగ్గురు పడుకునే గదిలో ఫ్యాను ఓనరుది, మెట్ల కింది వాషింగ్ మెషీన్ అందరిది, గ్యాస్ వంటమనిషి చేతిలో ఉంటుంది. కుర్రవాడికి సొంతంగా ఉన్నవి ల్యాప్‌టాప్, బహుశా ఒక బైకు. అతని నాన్న పేరిట ధర్మవరం పక్కన నాలుగెకరాల వేరుశనగ చేను ఉండవచ్చు, ఊళ్లో ఫ్రిజ్‌కు ఈఎంఐ కడుతున్నది అతనే కావచ్చు. ఆ చేను, ఆ ఫ్రిజ్ ఏ ఇంటి ఖాతాలో పడాలి? చాలా సర్వేలు ఈ చిక్కును సులువుగానే తేల్చేస్తాయి: పీజీ కుటుంబం కాదు కనుక జాబితాలోనే చేర్చవు. నెలనెలా ఊరికి డబ్బు పంపుతూ, రెండు చోట్లా కొనుగోళ్లు నిర్ణయించే మనిషి ఆ విధంగా లెక్కలోంచి జారిపోతాడు.

పాలమూరు నుంచి, ఉత్తరాంధ్ర నుంచి వచ్చి అపార్ట్‌మెంట్లు కడుతున్న కూలీల సంగతి మరీ కష్టం. ఇంటర్వ్యూ చేసేవారు పగలు వస్తారు, రేకుల షెడ్లలో మనుషులు దొరికేది రాత్రి. ఒకవేళ దొరికినా గుంపు మేస్త్రీయే ముందుకొచ్చి అందరి తరఫున జవాబు చెబుతాడు. కూలి ఎంత ముడుతోందన్న ప్రశ్నకు అతని ఎదుట నిజం చెప్పగలిగేవారు ఎవరుంటారు? తరతరాలుగా చిక్కపేట, కోలారు ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగువారి ఇబ్బంది వేరు. వారిలో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడుతూ చదవడం, రాయడం కన్నడలో చేస్తారు. వారికి తెలుగు లిపిలో అచ్చయిన షోకార్డు (ఎంచుకోవలసిన జవాబులు రాసి ఉండే కార్డు) చూపినా ఫలితం ఉండదు.

దీనికంతటికీ ఫీల్డు సిబ్బందిని తప్పుపట్టడం అన్యాయం. పూర్తయిన ఇంటర్వ్యూకు ఇంత అని కూలి కట్టే పద్ధతిలో, సెక్యూరిటీ వాళ్లు గేటు దగ్గరే ఆపేసిన అపార్ట్‌మెంటుకు మూడోసారి వెళ్లడం అంటే జేబులోంచి పెట్రోలు పోసుకోవడమే. కనుక కోటా (ఒక్కో వర్గం నుంచి ఇంతమంది కావాలన్న లెక్క) ఎక్కడ త్వరగా నిండుతుందో అక్కడికే వెళతారు. కోటాలు వయసుకు, స్త్రీ పురుషులకు, తరగతికి ఉంటాయి గాని ఇంటి భాషకు సాధారణంగా ఉండవు. నివేదిక చదివేవారికి బెంగళూరు అంటే కర్ణాటక మార్కెట్టు, తెలుగు అంటే ఆంధ్ర-తెలంగాణ మార్కెట్టు. టీవీ ప్రేక్షకుల లెక్కలు సైతం ఎక్కువగా రాష్ట్రాల వారీగానే విభజించి ఉంటాయి.

ప్రభుత్వ సర్వేలు వేరే దారి పట్టాయి. కర్ణాటక వెనుకబడిన తరగతుల కమిషన్ 2025 సెప్టెంబరు 22న మొదలుపెట్టిన సామాజిక, విద్యా సర్వేకు ముందు మీటర్ రీడర్లు ఇంటింటికీ వెళ్లి స్టిక్కర్లు అంటించారు. ఓటర్ల జాబితా కన్నా కరెంటు మీటరు నమ్మదగిన ఆధారమే, అద్దెకున్నవారూ అందులోకి వస్తారు. కాని నలభై మంది ఉండే పీజీకి మీటరు ఒకటే కావచ్చు, షెడ్డుకు బిల్డరు ఇచ్చిన తాత్కాలిక లైనే ఉండవచ్చు.

తెలుగు సంఘాల సభ్యుల జాబితా తీసుకుంటే సరిపోతుందని కొందరు సూచిస్తారు. అది అన్నిటికన్నా చెడ్డ ఆలోచన. ఉగాది కార్యక్రమానికి కుటుంబంతో వచ్చి చందా రాయగలిగినవారు ఆ జాబితాలో ఉంటారు, షెడ్డులోని కూలీ ఉండడు. ఇంటర్నెట్‌లో సర్వేలకు జవాబిస్తామని ముందే పేరు నమోదు చేసుకున్నవారి ఆన్‌లైన్ ప్యానెళ్లదీ అదే పక్షపాతం, కాకపోతే అక్కడివారి వయసు తక్కువ.

చేయవలసిన పనులు కొత్తవేమీ కావు. ఇంట్లో మాట్లాడే భాషను కోటాలో చేర్చాలి, పీజీలకు, షెడ్లకు విడిగా శాంపిల్ తీయాలి, ఆదివారాలు, సాయంత్రాలు పని చేయించి వెళ్లిన ప్రతి సారికీ కూలి కట్టాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సమ్మతి కోరే నోటీసును రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనా చూసుకునే వీలు ఇవ్వాలంటోంది. కాబట్టి ఆ నిబంధన అమలైతే, బెంగళూరులో ఉన్నా ఆ నోటీసును తెలుగులో అడిగే హక్కు పౌరుడికి దక్కుతుంది. ఖర్చు పెరుగుతుంది, నిజమే. పెరిగిన ఆ ఖర్చును పరిశోధన సంస్థలు తమంతట తాము భరించవు. సర్వే చేయించుకునే కంపెనీ, శాఖ నివేదికతో పాటు ఎన్ని గేట్లు తెరుచుకోలేదో, ఎన్ని ఇళ్లు తాళం వేసి ఉన్నాయో కూడా రాతపూర్వకంగా అడిగితేనే ఆ పని మొదలవుతుంది.